పుస్తకశాల తాళపుచెవి యెవరిది?

బరోడాలో 1910 మొదలు గ్రంథాలయములు సయాజీరావు గాయక్వాడు ఆజ్ఞచే వెలసెను. కృష్ణాతీరమున నట్లు ఆజ్ఞాపించు రాజు లేఁడు. చదువఁగోరినవారే పుస్తకములకు నీడ కల్పించిరి. ఉయ్యూరునుండి బందరుబాటను బోవువారు చేరు బెజవాడలో, 1911వ సంవత్సరమున రామమోహన ధర్మ పుస్తకభాండాగార మిట్లే వెలసెను. 1914 ఏప్రిలు 10వ తేదిని గ్రంథాలయసేవకులు బెజవాడలోఁ గూడి, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను ఆంధ్రదేశమునకంతకు నొక సంఘమును నెలకొల్పిరి. దానికిఁ బ్రాణమైన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1915లో ‘గ్రంథాలయ సర్వస్వము’ను వెలువరించిరి. కృష్ణ కావలి యొడ్డున పాతూరి నాగభూషణముగారు 1935లో పడవపైఁ బుస్తకముల నెక్కించి కాలువ వెంటఁ బంపిరి.

ఇదియంతయు జీతము గోరని చేతుల పని. అయినను ఇందొక చిక్కు గలదు. జీతము లేని పని తుద కొక్కని భుజముపైఁ బడును; మోసినవాఁడే యజమానుఁడగును; తక్కినవారు చూపరులగుదురు. 1948 నాఁటి మద్రాసు గ్రంథాలయ చట్టము ఇంటిపన్నుతోఁ గ్రంథాలయపుఁ బన్నును జేర్చి ధనపుఁ గొఱఁతను గొంత తీర్చెను. కాని, ‘ఈ నెల నేపుస్తకము కొందము?’ అని సభలో వాదించు నలవాటును ఏ చట్టము నీయఁజాలదు.

కావునఁ జదువరులారా, మీ యూరి పుస్తకశాలలో ఊడ్చుపని వంతులవారిగా జరుగుచున్నదా? లెక్కలు నలుగురి యెదుటఁ జదువఁబడుచున్నవా? స్త్రీలకును, వెలివాడవారికిని ఎన్నికలో మాట గలదా? లేనిచో నది పుస్తకముల కొట్టు మాత్రమే. ప్రజల యిల్లు గాదు.