బంగారు లక్ష్మణ్: మొదటివాడి లెక్క

మాది నెల్లూరు జిల్లా, సముద్రం వైపు ఊరు. మా వైపు బీజేపీ అంటే చాలాకాలం ఒక మనిషి పేరే: వెంకయ్యనాయుడు. వెంకటాచలం దగ్గర చవటపాలెంలో పుట్టి, నెల్లూరు వీఆర్ కాలేజీలో చదివి, 1972 జై ఆంధ్ర ఉద్యమంలో పేరు తెచ్చుకుని, ఉదయగిరి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయి, 2002 జులైలో ఆ పార్టీ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ కుర్చీ ఎక్కిన మొదటి తెలుగువాడు ఆయనే అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. కానీ అంతకు రెండేళ్ల ముందే ఇంకో తెలుగువాడు, హైదరాబాదు దళితుడు, అదే కుర్చీలో కూర్చున్నారు. ఆయన పేరు బంగారు లక్ష్మణ్.

పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక్క వీడియో. సొరుగులోకి వెళ్తున్న నోట్ల కట్ట. ఆ వీడియో అబద్ధమని నేను అనబోవడం లేదు. కానీ దశాబ్దాల రాజకీయ జీవితం ఆ కొన్ని సెకన్లలోకి ఎలా కుదించుకుపోయింది, ఆ కుదింపు వల్ల ఎవరికి సౌకర్యం కలిగింది అన్నది అడగదగ్గ ప్రశ్న అనే అనుకుంటాను.

1939లో, ఇంకా నిజాం ఏలుబడిలో ఉన్న హైదరాబాదులో పుట్టారు లక్ష్మణ్. చిన్నవయసులోనే ఆరెస్సెస్‌లో చేరారు. తర్వాత జనసంఘ్, బీజేపీ, ఆంధ్రప్రదేశ్ శాసనమండలి. ఎనభైలలో పార్టీ రాష్ట్ర శాఖకి అధ్యక్షుడు. ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1985 జులై 17న మా పక్కనే ఉన్న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. దాంట్లోంచి దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ల గొంతులు పల్లెపల్లెకీ వెళ్లాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. తెలుగునాట దళిత రాజకీయం అంటే ధిక్కారం అనే అర్థం స్థిరపడుతున్న రోజులవి. అదే రోజుల్లో లక్ష్మణ్ తన దారి హిందూత్వ పార్టీలోనే ఉందని నమ్మి నడిచారు.

ఇలాంటివాళ్ల గురించి రెండు రెడీమేడ్ మాటలున్నాయి. ఒకటి, ‘వాడుకున్నారు’. రెండోది, ‘అమ్ముడుపోయాడు’. రెండింటికీ నేను ఒప్పుకోలేను. చిన్నప్పుడే చేరి, రాష్ట్రంలో అధికారం దరిదాపుల్లో కూడా లేని పార్టీలో దశాబ్దాల పాటు పనిచేసిన మనిషికి సొంత ఆలోచన లేదనడం కూడా ఒకరకమైన చిన్నచూపే. ఆ ఆలోచనతో మనం విభేదించొచ్చు. నేను విభేదిస్తాను. అయినా అది ఆయన ఆలోచనే.

ఇక్కడ పార్టీ లెక్క ఒకటుంది. లక్ష్మణ్ 1996లో రాజ్యసభకి వెళ్లింది గుజరాత్ నుంచి. వెంకయ్య 1998లో వెళ్లింది కర్ణాటక నుంచి. సొంత రాష్ట్రంలో పంపేంత బలం పార్టీకి లేదు. అంటే ఇద్దరూ ఢిల్లీ పెద్దల నమ్మకం మీద నిలబడ్డవాళ్లే. తేడా ఏమిటంటే, వెంకయ్య వెనక ఒక జిల్లా, ఒక బలమైన రైతు కులం, తనకంటూ గెలిచిన అసెంబ్లీ ఎన్నికలు ఉన్నాయి. లక్ష్మణ్ వెనక ఉన్నది పార్టీ ఒక్కటే.

2000 ఆగస్టులో, వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు, రైల్వే సహాయమంత్రిగా ఉన్న ఆయన్ని పార్టీ అధ్యక్షుణ్ణి చేశారు. బీజేపీకి మొదటి దళిత అధ్యక్షుడు. జాతీయ కౌన్సిల్ సమావేశం నాగపూర్‌లో. ఆరెస్సెస్ కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు అదే, 1956 అక్టోబరు 14న అంబేడ్కర్ లక్షలమందితో బౌద్ధం స్వీకరించిన ఊరూ అదే. ఆ వేదిక మీద నుంచి లక్ష్మణ్ దళితుల్నీ ముస్లిముల్నీ పార్టీకి దగ్గర చేసుకోవాలని చెప్పారు. ముస్లిములు మన రక్తమే అన్న అర్థంలో ఆయన మాట్లాడటం పార్టీలో అందరికీ రుచించలేదు. కుర్చీ అలంకారానికే ఇచ్చి ఉండొచ్చు. ఆయన మాత్రం దాన్ని పనికి వాడదామని చూశారు.

అమెరికాలో దీనికి దగ్గరి పోలిక మైకేల్ స్టీల్. మేరీలాండ్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా పనిచేసిన ఈ నల్లజాతి రిపబ్లికన్‌ని ఆ పార్టీ 2009 జనవరి 30న జాతీయ కమిటీ ఛైర్మన్‌గా ఎన్నుకుంది. ఒబామా ప్రమాణస్వీకారం చేసి అప్పటికి పది రోజులు. ముహూర్తం చూస్తేనే విషయం సగం అర్థమవుతుంది. 2010 ఎన్నికల్లో పార్టీ ప్రతినిధుల సభలో 63 సీట్లు అదనంగా గెలుచుకుంది. అయినా, పార్టీ అప్పుల మీదా ఆయన నోటిదురుసు మీదా విమర్శలు మిగిలి, 2011 జనవరిలో మళ్లీ పోటీచేసి ఓడిపోయారు. గెలుపు పార్టీ ఖాతాలోకి, అప్పు ఆయన ఖాతాలోకి వెళ్లాయి. కానీ స్టీల్‌కి ఇంకో జీవితం దొరికింది. టీవీ విశ్లేషకుడయ్యారు. సొంత పార్టీని తిట్టే హక్కు కూడా సంపాదించుకున్నారు.

లక్ష్మణ్ విషయంలో టీవీ వేరే పని చేసింది. తెహల్కా విలేఖరులు వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అనే ఉత్తుత్తి కంపెనీ పేరుతో, సైన్యానికి థర్మల్ ఇమేజర్లు అమ్ముతామంటూ తిరిగారు. 2001 మార్చి 13న ఆ టేపులు బయటపెట్టారు. లక్ష రూపాయలు తీసుకుంటూ లక్ష్మణ్ కనిపించారు. అది పార్టీ నిధికని ఆయన చెప్పారు. వెంటనే రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది ఏడు నెలలే. అదే గొడవలో రక్షణమంత్రి పదవికి రాజీనామా చేసిన జార్జి ఫెర్నాండెజ్ ఆ అక్టోబరులోనే తిరిగి మంత్రి అయ్యారు. ఫెర్నాండెజ్ చేతిలో డబ్బు కనపడలేదు, కాబట్టి ఇద్దరినీ ఒకే తూకంలో వెయ్యలేం. అయినా ఒకరికి తిరిగి వచ్చే దారి ఉంది, ఇంకొకరికి లేదు.

పార్టీ పూర్తిగా వదిలేసిందనీ అనలేం. 2004లో ఆయన భార్య సుశీలకి రాజస్థాన్‌లోని జాలోర్ నుంచి లోక్‌సభ టికెట్ ఇచ్చారు. ఆమె బూటాసింగ్‌ని ఓడించారు. కుటుంబానికి అంత దూరంలో ఒక సీటు దొరికింది గానీ, లక్ష్మణ్ మాటకి పార్టీలో మళ్లీ చోటు దొరకలేదు. 2012 ఏప్రిల్‌లో సీబీఐ కోర్టు నాలుగేళ్ల కఠిన శిక్ష వేసింది. అక్టోబరులో బెయిలొచ్చింది. అప్పీలు తేలకముందే, 2014 మార్చి 1న హైదరాబాదులో పోయారు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఏదైనా పెద్ద తప్పు జరిగితే తర్వాత ఒక మీటింగు పెట్టుకుంటాం. ఎవరు చేశారన్నది అందులో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అసలు ప్రశ్న, ఆ తప్పు జరిగేందుకు వీలు కల్పించింది ఏమిటని. లక్ష్మణ్ కేసులో మొదటి ప్రశ్నకి కోర్టు జవాబు చెప్పింది. రెండోది ఎవరూ అడగలేదు. ఆయన చెప్పినట్టు ఆ డబ్బు పార్టీ నిధికే అయితే, ఆయన మీద కోపం కాస్త తగ్గి పార్టీల మీద పెరగాలి. ఊరూపేరూ లేని కంపెనీ నుంచి నోట్ల కట్ట తీసుకోవడం ఒక జాతీయ పార్టీ అధ్యక్షుడికి మామూలు పనిలా ఎందుకు అనిపించింది? పార్టీలకి డబ్బు ఎవరిస్తున్నారో జనానికి తెలియాలన్న మాట సుప్రీంకోర్టు నోట గట్టిగా వినపడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల బాండ్లు కొట్టేసినప్పుడు. ఈలోగా సొరుగు మూసేశాం, మనిషిని మార్చేశాం, సమస్య తీరిపోయిందనుకున్నాం.

మొదటివాడితో వచ్చే చిక్కు ఇదే. అతను కుర్చీ ఎక్కితే అది పార్టీ ఉదారత. పడిపోతే అది అతని స్వభావం. మధ్యలో అతను చెప్పదలుచుకున్న మాట ఎవరికీ గుర్తుండదు.

అందుకే మొదటివాణ్ణి చూసి పార్టీని మెచ్చుకోవడం నాకు తొందరపాటు అనిపిస్తుంది. రెండోవాడు వచ్చాడా అని చూడాలి. కాంగ్రెస్‌కి మొదటి దళిత అధ్యక్షుడూ మన తెలుగువాడే. కర్నూలు జిల్లాకి చెందిన దామోదరం సంజీవయ్య, 1962లో. తర్వాత జగ్జీవన్‌రామ్ వచ్చారు. ఆ తర్వాత ఖర్గే రావడానికి 2022 దాకా పట్టింది. ఆలస్యమే, కానీ వచ్చారు. రిపబ్లికన్లకి స్టీల్ తర్వాత ఇంకో నల్లజాతి ఛైర్మన్ లేరు. బీజేపీకి లక్ష్మణ్ తర్వాత ఇంకో దళిత అధ్యక్షుడు లేరు.

2017లో రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రపతి, మా వెంకయ్య ఉపరాష్ట్రపతి అయ్యారు. లక్ష్మణ్ కేసులో ఆయన తరఫున కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పిన కొద్దిమందిలో కోవింద్ ఒకరు. దళితుడు రాష్ట్రపతి కావడం చిన్న విషయం కాదు. కాకపోతే రాష్ట్రపతి భవన్ నుంచి ఎవరికీ బీఫారం రాదు. అది వచ్చేది పార్టీ ఆఫీసు నుంచే. అక్కడి పెద్దకుర్చీలో లక్ష్మణ్ కూర్చున్నది ఏడు నెలలు. ఆ లెక్క ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది.