దుర్భిక్షము – అన్నము

దుర్భిక్షమను పదమును మనము వాడుచుందుము గాని దాని వ్యుత్పత్తిని తలంపము. భిక్ష దొరకుట కష్టమగు కాలము దుర్భిక్షము. సులభమగు కాలము సుభిక్షము. పాఠశాలలో ఈ పదమును బోధించినప్పుడెల్ల నాకొక విషయము తోచెడిది. దాతల గాదెలు సైతము వట్టివోవు కాలమే కఱవు. కావున దానము మిక్కిలి యవసరమైన నాడే అది తక్కువగా లభించును. ఆ నాడు ఆఁకలి తీర్చు భారమెవ్వరిది? మన చరిత్ర యీ ప్రశ్నకు అనేక ప్రాణములను మూల్యముగా గొని సమాధానము చెప్పినది.

1832-33 నందన నామ సంవత్సరము. గుంటూరు మండలమున వానలు లేక పైరులెండినవి. 5 లక్షల జనములో సుమారు 2 లక్షలమంది నశించిరని లెక్కగట్టిరి. దీనికి అనావృష్టి యొక్కటియే కారణము గాదు. శిస్తుభారముచే రైతునొద్ద నిలువ లేదు. పిమ్మట ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టించెను. 1855 నాటికి బెజవాడ ఆనకట్టయు పూర్తియయ్యెను. డెల్టాసీమలు ధాన్యాగారములైనవి. రాయలసీమకు మాత్రము ఆ భాగ్యము కలుగలేదు.

1876లో ధాత కఱవు వచ్చెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు తల్లడిల్లినవి. అప్పటికి రైలుబండ్లు ధాన్యమును మోయుచుండెను. అంగళ్లలో గింజలు కలవు. కాని చేనిలో పని లేదు గనుక కూలివానికి కూలి లేదు. కూలి లేనివానికి, మండిపోవు ధరలలో, అంగడి గింజలు అందవు. 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర కఱవు పనులలోని మగకూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై కొలదిపాటి డబ్బును నిర్ణయించెను. రాళ్లు కొట్టువాని దేహము దీనితో నిలువదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వైద్యుఁడు గట్టిగా వాదించెను. ఆ యేడే ఆ కూలిని పెంచవలసి వచ్చెను.

1880 నాటి కఱవు విచారణసంఘము కఱవులో ముఖ్యముగా లోపించునది పనియే యని గ్రహించెను. తరువాత కఱవు నిబంధనలేర్పడినవి. అయినను అవి పాలకుల దయకు లోఁబడినవే. 1943లో వంగదేశమున ఆ నిబంధనల ప్రకారము కఱవును ప్రకటింపనే లేదు. సుమారు 30 లక్షలమంది మరణించిరి.

గోదావరీ ప్రాంతమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ గాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టిరి. ఆమెకు నమస్కరించుచున్నాను. కాని సీతమ్మగారు ప్రతి యూరను పుట్టరు. అందుచేత దయకు తోడు చట్టము కావలెను. గ్రామీణులకు పని హక్కుగా నిచ్చు పథకమును 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభించిరి. ధాత కఱవుచే నలిగిన ఆ సీమలోనే పని హక్కు మొదలగుట తగియున్నది. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చెను.

నేఁడు నందన కఱవు వంటిది లేదు. కాని ఆఁకలి రూపు మార్చుకొనినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కానవచ్చెను. కడుపు నిండినంతమాత్రమున ఒడలు నిండదు. బియ్యముతోఁ బాటు పప్పులు, ఆకుకూరలు, చిరుధాన్యములు, పాలు పేదయింటికి చేరవలెను. చేసిన పనికి కూలి వేళకు ముట్టవలెను.

మీ గ్రామసభలో మూడు ప్రశ్నలడుగుఁడు: కార్డు లేని యిల్లేది? చౌకదుకాణపు తూనిక సరియేనా? ఎవరి కూలి నిలిచియున్నది? సమాధానము వచ్చువఱకు అడుగుట మానకుఁడని వేఁడుకొనుచున్నాను.