తండా

బెల్లంకొండ బస్టాండులో ఓ కుర్రాడు తోటివాణ్ణి “ఒట్టి తండావాడివిరా” అని వెక్కిరించాడు. నాగరికత తెలియనివాడని అతని భావం. వినడానికే బాధేసింది. తండా తిట్టు కాదు, సుగాలీల ఊరు. మొదట్లో అది ఊరు కూడా కాదు. హిందీలో టాండా అంటే సరుకులెత్తిన ఎద్దుల బిడారు. ఉప్పు, ధాన్యం ఎద్దులమీద వేసుకుని తీరం నుంచి దక్కను లోపలికి, మొగలు సైన్యాల వెనకా నడిచిన బిడారుకే ఆ పేరు. సుగాలీలకున్న మరో పేరు లంబాడీకి కూడా మూలం ‘లవణం’ అని చాలామంది పండితులంటారు. రైళ్లొచ్చాక ఎద్దుల బేరం పడిపోయింది. పైగా 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచారజాతుల మీద దొంగలన్న ముద్ర వేసింది. 1952లో గానీ అది రద్దు కాలేదు. బిడారు ఆగిన చోటే ఊరైంది, నడిచేదాని పేరే నిలిచింది. పల్నాడులో బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు ఇలాంటి ఊళ్లున్నాయి. ‘తండోపతండాలు’ దీని చుట్టం కాదు. అందులోది గుంపు అనే అర్థమున్న పాత మాట ‘తండము’. తండా పెద్ద నాయక్. తమ భాషలో సుగాలీలు ‘గోర్’, బయటివాళ్లమైన మనం ‘కోర్’. వాళ్లకు మనం పెట్టిన పేర్లు మనకు బాగా గుర్తు. మనకు వాళ్లు పెట్టిన పేరు పక్క ఊళ్లో ఉండి కూడా ఎందరికి తెలుసు? తెలంగాణలో 2018 చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి, తండా అన్న పేరుతోనే.