పాలిచ్చే తల్లి పోషణ: మదీనా నుండి త్రిపురాంతకం వరకు

శిశువు ఎదుగుదలకు తల్లిపాలను మించిన ఆహారం లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు, ఆ పైన కూడా పాలివ్వవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మరి ఆ తల్లిని పోషించవలసినదెవరు? ఈ ప్రశ్నకు ఇస్లామీయ చరిత్ర తొలినాళ్ళలోనే జవాబు చెప్పింది.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయత్ పాలివ్వడానికి రెండేళ్ళ పూర్తి గడువును పేర్కొని, ఆ తల్లి తిండి, బట్టల భారాన్ని తండ్రిపై ఉంచింది. తండ్రి లేనిచోట వారసుడు బాధ్యుడు. విడాకులైన తల్లికి కూడా ఇది వర్తిస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు. కనుక ఇది దయాధర్మం కాదు, హక్కు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో (634–644) పాలు మరచిన పిల్లలకే బైతుల్ మాల్ నుండి భత్యం లభించేది. ఒక రాత్రి మదీనాలో పహరా తిరుగుతుండగా ఆయన ఒక పసికందు ఏడుపును పదేపదే విన్నారు. భత్యం కోసం బిడ్డచేత తొందరగా పాలు మాన్పిస్తున్నానని, ఆయనెవరో తెలియని ఆ తల్లి చెప్పింది. ఫజ్ర్ నమాజులో ఆయన కన్నీరు ఆగలేదు. ఇకపై పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం ఇవ్వాలని ఆజ్ఞాపించారు. ఇబ్నె సాద్ ఈ ఉదంతాన్ని నమోదు చేశారు. తర్వాతి కాలంలో ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో పాలిచ్చే స్త్రీ ఆహార నియమాలను కూడా చేర్చారు.

ఆధునిక పరిశోధన దీని అవసరాన్ని వివరించింది. నేటి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1958 వరకు కూనూరులో ఉండేది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్ ప్రభృతులు 1950లలో పేద తల్లుల చనుబాలను పరిశీలించారు. తల్లి అర్ధాకలితో ఉన్నా పాలలో మాంసకృత్తులు, పాలచక్కెర అంతగా తగ్గవు. తన ఒంటి నిల్వలను కరిగించి ఆమె బిడ్డకిస్తుంది. ఎ విటమిన్ వంటివి మాత్రం ఆమె తిండిని బట్టి తగ్గిపోతాయి. తొలి ఆరు నెలల్లో పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి.

నల్లమల అంచున త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు వానపై ఆధారపడిన మెట్ట నేలలు, తరచు కరువు చూసినవి. కూలికో వలసకో వెళ్ళే తల్లికి ఆ అదనపు తిండి ఎక్కడిది? 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రసవానంతరం ఆరు నెలల వరకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని, కనీసం 6,000 రూపాయల ప్రసూతి సహాయాన్ని హక్కుగా గుర్తించింది.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన భర్త బాధ్యత తీరదు. ఆమె ఇంట్లో అందరి తర్వాత మిగిలినది తినే ఆచారం ఖుర్ఆన్ ఆదేశానికి విరుద్ధం. మస్జిద్ కమిటీలు తమ పేటలోని బాలింతల పేర్లు అంగన్‌వాడీలో నమోదయ్యాయో లేదో విచారించాలి. అర్హులైన నిరుపేదలకు జకాత్ నుండి ఆహారం అందించాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఏడుపు విన్న రాత్రే ఆగక కారణం అడిగారు. మన వీధిలోని పసివాని ఏడుపుకూ ఆ విచారణ అవసరమే.