గుండె దాకా వెళ్లిన గొట్టం

కల్లూరు నుంచి హంద్రీ వంతెన దాటి కర్నూలు పెద్దాసుపత్రికి రోగిని తీసుకుపోయినవాళ్లు ఐసీయూ బయట ఫోన్లో చెప్పే మాట ఒకటుంది: ‘మెడకాడ పైపు వేసినారు’. డాక్టర్ల భాషలో అది సెంట్రల్ లైన్. గుండె గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆ గుమ్మం దాటి, కుడి గదుల గుండా ఊపిరితిత్తుల ధమనిలోకి పోయే గొట్టం ఇంకొకటుంది. దాని పేరు స్వాన్-గాంజ్ కేథటర్. పెద్ద పెద్ద ఐసీయూలను పాతికేళ్లకు పైగా ఏలిన గొట్టమది.

గుండెలోకి గొట్టం పంపితే మనిషి చస్తాడనే 1929 దాకా నమ్మేవాళ్లు. జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు నమ్మలేదు. తనమీద తానే ప్రయోగం చేసుకుంటానంటే పైవాళ్లు వద్దన్నారు. పరికరాల తాళం నర్సు గెర్డా డిట్సెన్ దగ్గరుంది. ప్రయోగం నామీదే చెయ్యమని ఆమె ముందుకొచ్చింది. ఆమెను బల్లకు కట్టేసి, ఈయన తన మోచేతి నరమే కోసుకుని, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని 65 సెంటీమీటర్లు లోపలికి తోసేశాడు. ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచాడు. ఫిల్ములో గొట్టం కొస గుండెలో కనిపించింది. మెచ్చుకోలు లేకపోగా ఉద్యోగం ఊడింది. చివరికి మూత్రవ్యాధుల డాక్టరుగా స్థిరపడ్డాడు. నాజీ పార్టీలోనూ చేరాడు. ఆ సంగతి దాచి ఆయన్ను వీరుణ్ణి చేయడం నాకిష్టం లేదు.

ఆ దారినే ముందుకు తీసుకెళ్లిన కూర్నాండ్, రిచర్డ్స్‌లతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చింది 1956లో. ఆ ఏడాది నవంబరు 1నే కర్నూలుకు రాజధాని హోదా పోయింది. మరుసటేడు మెడికల్ కాలేజీ వచ్చింది. రాజధాని కంటే కాలేజీయే సీమకు ఎక్కువ అక్కరకొచ్చిందని నా లెక్క.

పాత గొట్టాలతో చిక్కేమిటంటే, దారి చూసుకుంటూ తోయడానికి ఎక్స్‌రే యంత్రం కావాలి. గుండెపోటు రోగిని మంచం మీంచి కదిలించడమెట్లా? లాస్ ఏంజెలిస్‌లో పనిచేస్తున్న ఐర్లాండ్ డాక్టరు జెరెమీ స్వాన్‌కు శాంటా మోనికా తీరంలో తెరచాప పడవలను చూస్తుంటే ఉపాయం తట్టింది. గొట్టం కొసకు చిన్న బెలూన్ కట్టి ఒకటిన్నర మిల్లీలీటర్ల గాలి నింపితే రక్తప్రవాహమే దాన్ని మోసుకుపోతుంది. నాజీల బారి నుంచి బతికి బయటపడి అమెరికా చేరిన విలియం గాంజ్‌తో కలిసి 1970లో దాన్ని ప్రకటించాడు. బెలూన్ ఊపిరితిత్తుల ధమనిలో ఒక సన్నటి కొమ్మను మూసేసినప్పుడు అక్కడ తెలిసే ఒత్తిడి, గుండె ఎడమవైపు ఒత్తిడికి దాదాపు సమానం. చల్లటి ద్రవం ఎక్కించి, కొస దగ్గర చల్లదనం ఎంతలో వచ్చి పోతుందో చూస్తే గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో లెక్క తేలుతుంది. సెలైన్ ఇంకా పెట్టాలా, ఆపాలా అని తల పట్టుకునే డాక్టరుకు అంతకంటే ఏం కావాలి?

అంకెలు దొరికాయి. రోగులు బతికారా అని మాత్రం ఎవరూ సరిగా లెక్క చూడలేదు. కెనడాలో చీట్లు వేసి పరీక్షించబోతే, గొట్టం వేయకపోవడం అన్యాయమని డాక్టర్లే ఒప్పుకోలేదు. 1996లో అమెరికాలో 5,735 మంది రోగుల వివరాలు తిరగేస్తే, గొట్టం వేసినవాళ్లే ఎక్కువమంది చనిపోయారని తేలింది. మరీ విషమించినవాళ్లకే వేస్తారు కాబట్టి అలా ఉంటుందని వాదించారు. అందులో న్యాయం లేకపోలేదు. అప్పుడు గానీ అసలు పరీక్షలు జరగలేదు. ప్రమాదకరమైన ఆపరేషన్లకు వచ్చిన 1,994 మంది పెద్దవయసు వాళ్లలో గొట్టం ఉన్నా లేకున్నా మరణాలు ఒకటేనని 2003లో తేలింది. 2006లో ఊపిరితిత్తులు దెబ్బతిన్న 1,000 మందిలో మామూలు సెంట్రల్ లైన్‌తోనే పోటీ పెట్టారు. మరణాల్లో తేడా రాలేదు. చిక్కులు మాత్రం పెద్ద గొట్టానికే ఎక్కువ. వాటిలో చాలావరకు గుండె లయ తప్పడమే. పట్నంలోని ఖరీదైన గొట్టం మనకు లేకపోయెనే అని సీమలో బాధపడే కుటుంబాలకు ఈ ఫలితం ఎవరైనా చెప్పాల్సింది.

ఇప్పుడు గొట్టం వేయకుండానే గుండె పనితీరు చూపే ఎకో యంత్రం మంచం దగ్గరికే వస్తోంది. స్వాన్-గాంజ్ మూలన పడలేదు గానీ, దాని పని కొన్ని చోట్లకే కుదించుకుపోయింది: కష్టమైన గుండె ఆపరేషన్లు, గుండె చేతులెత్తేసిన షాక్, గుండె మార్పిడి. మార్పిడికి ముందు ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి కొలిచి తీరాలి. అది మరీ ఎక్కువైతే కొత్త గుండె కుడివైపు ఆ బరువు తట్టుకోలేదు.