ఆర్ల్‌బెర్గ్ కనుమ

ఆస్ట్రియాదేశపు పడమటి భాగమున, టిరోల్, ఫోరార్ల్‌బెర్గ్ సీమలను వేఱుచేయు ఆర్ల్‌బెర్గ్ కనుమ దాపున, సముద్రమట్టమునకు 1300 మీటర్ల యెత్తున నెలకొన్న సాంక్ట్ ఆంటోన్ గ్రామము నేడు మంచువలననే జీవించుచున్నది. కాని అనేక శతాబ్దములు ఆ మంచే అచ్చటివారికి మృత్యుభయము. కనుమ దాటబోయి మంచులో చిక్కి మడిసిన బాటసారుల దుర్గతిని చూచి సహింపజాలక, హైన్రిష్ ఫిండెల్‌కిండ్ అను కాపరి, తాను కూడబెట్టుకొన్న 15 గుల్డెనులు మూలధనముగా, 1386లో కనుమపై సాంక్ట్ క్రిస్టోఫ్ ధర్మశాలకు అంకురార్పణ చేసెను. నిరుపేద పూనిన ఆ కార్యమునకు ప్రభువులు చందాలిచ్చిరి. ఆ దాతల కులచిహ్నములు చిత్రింపబడిన గ్రంథములు చాలకాలము నిలిచినవి.

1884లో పది కిలోమీటర్లకు మించిన రైలుసొరంగము కనుమక్రింద తెఱచుకొనగా, మీది బాటపై రాకపోకలు సన్నగిల్లెను. అయితే ఆ రైలే పిదప మంచుపై జాఱు స్కీక్రీడయందు ప్రీతిగలవారిని గ్రామమునకు చేర్చెను. పూర్వము బాటసారులు ప్రాణములు దక్కించుకొనుటకై ఆశ్రయించిన ఆ ధర్మశాలయందే, 1901 జనవరి 3వ తేదీన కొందఱు మిత్రులు చేరి ఆర్ల్‌బెర్గ్ స్కీసంఘమును స్థాపించిరి.

కనుమకు ఆవలనున్న స్టూబెన్ గ్రామమున 1890లో జన్మించిన హన్నెస్ ష్నైడర్, పదునేడేండ్ల ప్రాయమున సాంక్ట్ ఆంటోన్‌కు స్కీశిక్షకుడై వచ్చెను. నార్వేవారివలె నిటారుగా నిలిచి జాఱుట నిట్రవాలున అపాయకరమని గ్రహించి, మోకాళ్లు వంచి, దేహమును ముందునకు వాల్చి, స్కీల వెనుకకొనలను ఎడముచేసి వేగమును అదుపునందుంచుకొని మలుపు తిరుగు పద్ధతిని అతడు తీర్చిదిద్దెను. అతని పాఠశాలలో శిష్యులను వారివారి నేర్పుననుసరించి తరగతులుగా విభజించి, ఒక మెట్టు వశమైనగాని తరువాతి మెట్టునకు పోనిచ్చువారు కారు. సాహసికులకే చెల్లునను విద్యను సామాన్యునికి అందించుటయే ష్నైడర్ ఘనతయని నా నిశ్చితాభిప్రాయము. దర్శకుడు ఆర్నాల్డ్ ఫాంక్ తీసిన చలనచిత్రములు అతని పేరును దేశదేశములకు వ్యాపింపజేసెను. 1930లో జపానువారు అతనిని ఆహ్వానించి ఆ విద్య నేర్చుకొనిరి.

గ్రామాభ్యుదయమున ష్నైడరుతో సమానముగా స్మరింపదగినవాడు వియన్నానుండి వచ్చి స్థిరపడిన ఇంజనీరు రుడాల్ఫ్ గోంపెర్జ్. స్కీసంఘమునకు, యాత్రికవ్యవహారములకు ఆయనయే ప్రాణము. యూదుసంతతివాడగుట మాత్రము ఆయనకు ప్రాణాంతకమైనది. 1938 మార్చిలో ఆస్ట్రియా హిట్లరు వశమైన వెంటనే, నాజీలకు తలయొగ్గని ష్నైడర్ నిర్బంధింపబడెను. మరుసటియేట విదేశమిత్రుల సాయమున అమెరికా చేరి, న్యూహాంప్‌షైర్‌లోని నార్త్ కాన్వే పట్టణమున 1955లో మరణించువఱకు ఆ విద్యయే బోధించెను. గోంపెర్జునకు అట్టి త్రోవ దొరకలేదు. 1942 మే మాసమున ఆయనను వియన్నానుండి మిన్‌స్క్ నగరసమీపమునకు తరలించి హత్యచేసిరి. ఆ దారుణమును ఆధారము చేసికొని ఫెలిక్స్ మిట్టరర్ 1987లో నాటకము రచించెను. సాంక్ట్ ఆంటోన్ ప్రాభవమును వర్ణించువారు ష్నైడరును మఱువరు. గోంపెర్జును సయితము ఆ ప్రక్కనే నిలిపి చెప్పవలెను.