కట్టినవాడి కూలి, కొన్నవాడి గూడు

గడియారం బాగుచేసినవాడు కూలి ముట్టేదాకా దాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ అతనికి ఆ హక్కు ఇచ్చింది. ఇల్లు కట్టిన తాపీ మేస్త్రీకి ఆ ఇంటిమీద అలాంటి పట్టు లేదు. ఒకటిన్నర శతాబ్దంగా ఈ ఖాళీ అలాగే ఉంది.

దాని రెండు అంచులూ కలిసే ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణాన్ని జంక్షన్‌గా మార్చింది. ఆ కంపెనీ పట్టాలు ఉత్తరాంధ్రకూ చేరాయి; రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంబడి కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో తరాలుగా కాపురమున్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఇక్కడే ఏర్పాటైంది. క్వార్టరు ఉన్నంతకాలం సొంతింటి చింత ఉండదు. పదవీ విరమణతో అది మొదలవుతుంది. క్వార్టరు ఖాళీ చేయనివారి గ్రాట్యుటీని ఆపమని 1982లో రైల్వే బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. అంటే సొంతిల్లు కొనే డబ్బు చేతికి రావాలంటే ఉన్న గూడు ముందు విడవాలి.

ఈ జిల్లా పేరుకు మరో అర్థం కూడా ఉంది. ఉత్తరాది నగరాల్లో ‘బిలాస్‌పురియా’ అంటే ఇటుక బట్టీల్లో, భవన నిర్మాణంలో పనిచేసే వలస కూలీ. ఇల్లు కొనేవాడూ కట్టేవాడూ ఒకే నేలవారు. చట్టం ఇద్దరినీ ఎలా చూసిందన్నదే ప్రశ్న.

అమెరికా 1791లోనే ఒక జవాబు వెదికింది. వాషింగ్టన్ నగర నిర్మాణానికి పనివారిని ఆకర్షించేందుకు మేరీల్యాండ్ రాష్ట్రం ‘మెకానిక్స్ లీన్’ చట్టం చేసింది. కట్టినవాడి బాకీ తీరేదాకా ఆ కట్టడం మీదే అతనికి హక్కు ఉంటుంది. శ్రమకు న్యాయమే, అయితే చిక్కు మరోచోట తలెత్తింది. యజమాని మొత్తం సొమ్మును ప్రధాన కాంట్రాక్టరుకు చెల్లిస్తాడు. ఆ కాంట్రాక్టరు కింది పనివారికి ఎగవేస్తాడు. వారు ఇంటిమీద హక్కు చూపుతారు. యజమాని రెండోసారి చెల్లించవలసి వస్తుంది.

1980లో మిషిగన్ రాష్ట్రం దీన్ని సరిదిద్దింది. ఒప్పందం ప్రకారం సొమ్ము కట్టేసిన గృహస్థు ఇంటిని విడిచిపెట్టి, నష్టపోయిన పనివారికి ప్రత్యేక నిధి నుంచి చెల్లించే ఏర్పాటు చేసింది. 2010లో ఆ నిధిని రద్దు చేశారు. యజమానికి రక్షణ మిగిలింది, పనివాడికి ఆసరా పోయింది. సంస్కరణ సగంలో ఆగితే బరువు ఎవరి భుజాన పడుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

భారతదేశంలో గృహస్థును భయపెట్టింది మేస్త్రీ కాదు, బ్యాంకు. బిల్డరు స్థలాన్ని తాకట్టు పెట్టి అప్పు తెస్తాడు, అదే కట్టడంలో ఫ్లాట్లు అమ్ముతాడు. అప్పు మునిగితే కొన్నవాడూ మునుగుతాడు. 2016 నాటి రెరా చట్టం 11వ సెక్షన్ దీనికి అడ్డుకట్ట వేసింది. విక్రయ ఒప్పందం తర్వాత బిల్డరు ఆ ఫ్లాటును తాకట్టు పెట్టరాదు. పెట్టినా కొనుగోలుదారు హక్కుకు భంగం ఉండదు. 2018లో దివాలా స్మృతిని సవరించి గృహ కొనుగోలుదారులను ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు. 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. రెరాకూ బ్యాంకుల వసూలు చట్టమైన సర్ఫేసీకీ ఘర్షణ వస్తే రెరాదే పైచేయి అని 2022లో తేల్చింది.

ఇవి చిన్న విజయాలు కావు. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని కట్టడాలకూ, 8 ఫ్లాట్లు మించనివాటికీ రెరా నమోదు అక్కర్లేదు. చిన్న పట్టణాల్లో కట్టే ఇళ్లలో చాలా భాగం ఈ కొలతల్లోనే ఇమిడిపోతుంది. ఇక దివాలా ప్రక్రియలో రుణదాతల కమిటీని చూడండి: బ్యాంకుకు ఓటుంది, కొనుగోలుదారులకు ప్రతినిధి ద్వారా ఓటుంది, నిర్వహణ రుణదాతగా లెక్కకొచ్చే కాంట్రాక్టరుకు ఓటు లేదు. అతని కింద ఇటుకలు మోసిన కూలీ ఆ బల్ల దగ్గరికే రాడు. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే అసలు యజమాని చెల్లించాలని 2025 దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పేది. అదీ 20 మందికి తక్కువ కాని చోటనే వర్తించేది.

పరిష్కారానికి కొత్త లీన్ తెచ్చి గృహస్థు మెడకు కట్టనక్కర్లేదు. కెనడాలోని ఒంటారియోలో ప్రతి చెల్లింపు నుంచి 10 శాతం ఆపి ఉంచుతారు. కింది పనివారి బాకీలకు ఆ సొమ్ము రక్షణ. మన చట్టంలోనూ దీనికి తలుపు ఉంది. కొనుగోలుదారులు కట్టిన దానిలో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. కూలీలకు బాకీ లేదన్న ఒక్క వాక్యాన్ని ఆ ధ్రువీకరణలో తప్పనిసరి చేస్తే చాలు, కొన్నవాడి సొమ్ము కట్టినవాడి ఇంటికి చేరే దారి తెరుచుకుంటుంది. ఇప్పుడు లెక్క అడిగేది కట్టడం ఎంత లేచిందనే. లేపినవాడికి కూలి ముట్టిందా అని కాదు.